నాలుగో కళ్ళెం కొనే ముందు ఆ నోరు ఒకసారి తెరిచి చూడు తమ్ముడూ

అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వనే రాస్తున్నాను. నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నరసన్నపేట దగ్గర ఊరు, నాలుగున్నరేళ్ళ మగగుర్రం. ఆరు నెలల కింద పెళ్ళి ఊరేగింపులకి తిప్పేవాళ్ళ దగ్గర కొన్నావు. కళ్ళెం తీసుకెళ్తే తల పైకెత్తేస్తుంది. పెట్టాక నమలడం ఆపదు. పగ్గం కాస్త బిగిస్తే నోరు తెరిచి, నాలుకని నోట్లో ఉండే కళ్ళెం కడ్డీ పైకి తెచ్చేస్తుంది. ఎడమకి తిరగమంటే మెడ కర్రలా పెడుతుంది. మూడు కళ్ళేలు మార్చావు. ఆఖరిది ఎవరో మెత్తగా ఉంటుందని చెబితే తెచ్చిన లావుపాటి రబ్బరు కడ్డీ, దాంతో ఇంకా ఎక్కువైంది. ఇప్పుడు ఏది కొనమంటారు అని అడిగావు.

ఏది కొనాలో కింద చెబుతాను, దాచుకోను. కానీ ఈ వారం ఏదీ కొనొద్దు. మూడు రకాల ఇనుము పెట్టినా గుర్రం ఒకే మాట చెబుతోందంటే, బాధ ఇనుములో కాక నోట్లోనే ఉండే అవకాశం ఎక్కువ.

మా నాన్న విజయనగరంలో జట్కా తోలేవాడు, స్టేషన్ నుంచి గంటస్తంభం వైపు. పొద్దున్నే బండి కట్టే ముందు గుర్రం మూతి పక్క నుంచి బొటనవేలు లోపలికి పోనిచ్చి, చిగురు మీద అటూ ఇటూ ఒకసారి రాసేవాడు. తర్వాత వేలు బయటికి తీసి వాసన చూసేవాడు. చిన్నప్పుడు అదేదో అలవాటనుకున్నాను. అది పరీక్ష అని నాకు పాతికేళ్ళు దాటాక తెలిసింది. నువ్వూ అదే చెయ్యాలి, కాస్త వివరంగా.

నీడలో, గుర్రం నిమ్మళంగా ఉన్నప్పుడు, తెలిసిన మనిషి ఒకరు తాడు పట్టుకోగా చూడు. ఎదురుగా నిలబడకు, భుజం పక్కన నిలబడు. ముందు పళ్ళకీ దవడ పళ్ళకీ మధ్య, కింది దవడలో, పళ్ళే లేని ఖాళీ చోటు ఉంటుంది కదా, కడ్డీ కూర్చునేది అక్కడే. మూతి మూల నుంచి బొటనవేలు అక్కడ పెడితే గుర్రం దానంతట అదే నోరు కదుపుతుంది. ఆ చిగురు ఎంత పల్చగా ఉంటుందో వేలికి తెలుస్తుంది. మన మోకాలి కింద ముందు ఎముక మీద చర్మం ఎలా ఉంటుందో అలాగే, కింద కండ లేదు, నేరుగా ఎముక అంచే. మంచం కోడు ఆ ఎముకకి తగిలితే మనకి ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకో.

రెండు వైపులా నెమ్మదిగా నిమురు. నున్నగా, ఒకేలా ఉండాలి. ఒక పక్క గట్టి గడ్డలా, గరుకుగా, చిన్న గుట్టలా తగిలితే అది పాత దెబ్బ. నీ గుర్రం విషయంలో నాకున్న మొదటి అనుమానం ఇదే. ఊరేగింపు గుర్రాలకి చాలాచోట్ల ముళ్ళ కళ్ళెం వాడతారు. బ్యాండూ డీజే మోతలో గుర్రం బెదరకుండా ఆపడానికి లోపలి వైపు ముళ్ళున్న ఇనుము పెడతారు. ఆ ముళ్ళు చిగురుని కోసేస్తాయి, లోపల ఎముక పైపొర వాచి, మానేటప్పుడు గడ్డ కడుతుంది. పైన చిగురు మామూలుగా కనబడుతుంది, కానీ ఏ కడ్డీ తగిలినా కింద గుట్టకీ ఇనుముకీ మధ్య చిగురు నలుగుతుంది. నాలుక మీద తెల్లటి మచ్చలు, అడ్డంగా పాత గీత, మూతి మూలల్లో వెంట్రుక మొలవని బిరుసు చర్మం, ఇవన్నీ ఆ కథే చెబుతాయి.

ఈ మాట ఎక్కడైనా గట్టిగా చెప్పు తమ్ముడూ: ముళ్ళ కళ్ళెం చట్ట ప్రకారం నేరం. 1960 నాటి జంతు క్రూరత్వ నిరోధక చట్టం కింద, బండ్లు లాగే, బరువులు మోసే జంతువుల కోసం 1965లో నియమాలు వచ్చాయి. అందులో 8వ నియమం ముళ్ళు, బొడిపెలు, పదునైన అంచులు ఉన్న కళ్ళేలని సూటిగా నిషేధిస్తుంది. అరవై ఏళ్ళ నాటి నియమం. ఇంకా మన పెళ్ళిళ్ళలో ఆ నెత్తురు కారుతూనే ఉంది, నాకు ఆ ఊరేగింపు ఎదురైతే తల తిప్పుకోవాలనిపిస్తుంది. నీ గుర్రంతో పాటు వాళ్ళిచ్చిన పాత కళ్ళెం ఇంట్లో ఉంటే, దాన్ని ఎవరికీ ఇవ్వకుండా పాత ఇనుము కొట్టుకి వేసి ముక్కలు చేయించు.

ఇక పళ్ళు. నాలుగున్నరేళ్ళు అన్నావు. గుర్రం నోట్లో ఇది బాగా గందరగోళంగా ఉండే వయసు. ముందు పళ్ళలో ఆఖరి పాలపళ్ళు, అంటే చివర మూలల్లోవి, నాలుగున్నర దగ్గరే ఊడతాయి. దవడ పాలపళ్ళు రెండున్నర, మూడు, నాలుగేళ్ళ దగ్గర ఒక్కొక్కటిగా టోపీలా కొత్త పన్ను మీద నుంచి ఊడిపోవాలి. ఆఖరి టోపీ ఒక్కోసారి వదలకుండా ఇరుక్కుని చిగురుని కోస్తూ ఉంటుంది. పైగా మగగుర్రం కనుక నాలుగైదేళ్ళకి కోరపళ్ళు చిగురు చీల్చుకుని వస్తాయి, అవీ కడ్డీ ఉండే ఖాళీ చోటులోనే. మన పిల్లలకి పళ్ళొచ్చేటప్పుడు ఏది దొరికితే అది కొరుకుతూ ఏడవరూ? నీ గుర్రం ఊరికే నమలడంలో సగం అదే అయ్యుండొచ్చు. మూతి ముందు భాగం పైకెత్తి ముందు పళ్ళు చూడు. మూలల్లో పాలపన్ను ఉందా, ఊడిందా, కొత్తది సగం వచ్చిందా? అమ్మినవాడు చెప్పిన వయసు నిజమో కాదో కూడా అక్కడే తేలిపోతుంది.

పై దవడలో మొదటి దవడ పన్నుకి కాస్త ముందు, చిన్న మేకులాంటి పన్ను ఉంటుంది కొన్నింటికి. డాక్టర్లు వుల్ఫ్ టూత్ అంటారు. పంటి కింద రాయి అంటామే, దానికిది పన్నే రాయి. కడ్డీ మూతి మూలని వెనక్కి లాగినప్పుడు లోపలి చర్మం ఆ పన్నుకి ఒరుసుకుంటుంది. కొన్నింటికి అది బయటికే రాదు, చిగురు కింద ముందుకు వాలి బొడిపెలా దాక్కుంటుంది. ఆ దాగినదానితోనే నేను తప్పు చేశాను.

చీపురుపల్లి వైపు ఒకాయన ఆడగుర్రాన్ని నాకు అప్పగించారు, జామపండు రంగు, మంచి నడక. పగ్గం పట్టగానే కుడికి తల విసిరేది. ఎనిమిది నెలల్లో ఐదు కళ్ళేలు మార్చాను. ఒంటి కీలు, వంపు కడ్డీ, రాగిది, రబ్బరుది, గొలుసున్నది. ప్రతిదానికీ మొదటి రెండు రోజులు కాస్త నయమనిపించేది, మూడో రోజుకి మళ్ళీ మామూలే. దాన్ని మొండిదన్నాను, ఒకరోజు కోపంలో పగ్గం గుంజాను కూడా. చివరికి గుర్రాలు బాగా తెలిసిన డాక్టరు ఒకాయన వేరే పని మీద వచ్చి, వేలు పెట్టి చూసి, నా వేలు పట్టుకుని అక్కడే ఆనించారు. చిగురు కింద కంది గింజంత బొడిపె. ఒత్తగానే గుర్రం వెనక కాళ్ళ మీద కూర్చున్నంత పని చేసింది. మత్తిచ్చి తీసేశారు. మూడు వారాలు నోట్లో ఏమీ పెట్టలేదు. ఆ తర్వాత మూలన పడేసిన మొదటి కళ్ళేన్నే పెట్టాను, అదే పగ్గం నేరుగా రింగుకే కట్టే మామూలు కళ్ళెం, స్నాఫిల్ అంటారు. తల వంచి తీసుకుంది. ఎనిమిది నెలలు అది నాకు చెబుతూనే ఉంది, నేను ఇనుము మారుస్తూ కూర్చున్నాను.

దవడ పళ్ళ పదును నువ్వు లోపల చెయ్యి పెట్టి చూడొద్దు. వేళ్ళు పోతాయి. బయట నుంచే తెలుస్తుంది. బుగ్గ మీద, పై పళ్ళ వరస వెంబడి అరచేత్తో మెల్లగా లోపలికి ఒత్తుకుంటూ వెళ్ళు. ఒకచోట ఉలిక్కిపడి తల లాక్కుంటే అక్కడ పన్ను అంచు బుగ్గని కోస్తోంది. గుర్రం పళ్ళు జీవితాంతం ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్లు పైకి వస్తూ అరుగుతూ ఉంటాయి. పై దవడ వెడల్పు, కింది దవడ ఇరుకు కాబట్టి, అరగని అంచులు పైన బుగ్గ వైపూ కింద నాలుక వైపూ కత్తుల్లా మిగులుతాయి. మేత దగ్గర కూడా చూడు. గడ్డి సగం నమిలి ముద్దలుగా కింద పడేస్తోందా? పేడలో ఉలవలు గింజ గింజగా కనబడుతున్నాయా? ఒక పక్కే నములుతోందా? ఎడమకి తిరగదన్నావు కదా, ఆ ఎడమ బుగ్గ రెండుసార్లు చూడు.

ఇవి చూశాక డాక్టరు దగ్గరికి. మన వైపు పశువుల డాక్టర్లకి ఆవులూ గేదెలే ఎక్కువ, అది వాళ్ళ తప్పు కాదు. కాబట్టి వెళ్ళే ముందే ఫోన్లో అడుగు: గుర్రం నోరు తెరిచి పట్టే సాధనం, పళ్ళు అరగదీసే పొడవాటి ఆకురాయి ఉన్నాయా, మత్తిచ్చి చేస్తారా అని. నీకు దగ్గర్లో దొరక్కపోతే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ విచారించు. ఆకురాయి పని తెలియనివాళ్ళ చేత, నలుగురు కట్టేసి పట్టుకుని చేయించొద్దు. ఆ ఒక్కరోజు భయం ఏడాది పాటు నోటి దగ్గరికి చెయ్యి రానివ్వదు. ఆ తర్వాత ఐదేళ్ళు నిండేదాకా ఆర్నెల్లకోసారి, ఆపైన ఏడాదికోసారి చూపించు.

నోరు మానేదాకా సవారీ మానక్కర్లేదు, దీనివల్ల ఒక సంగతి తేలుతుంది కూడా. చుట్టూ కంచె ఉన్న చోట, నోట్లో ఏమీ లేకుండా ఉత్త తలతాడుకి రెండు పక్కలా పగ్గాలు కట్టి, నడకలో మాత్రమే తిప్పు. తల విసరడం ఆగిపోతే బాధ నోట్లోదే. అప్పుడూ విసురుతుంటే జీను కింద వీపు చూడు, చెవుల వెనక పట్టీ బిగుతు చూడు, నుదుటి పట్టీ పొట్టిగా ఉండి చెవి మొదట్లో నొక్కుతోందేమో చూడు. వానాకాలం ఈగలు కూడా కారణమే.

ఇప్పుడు నువ్వడిగిన ఇనుము మాట.

లావు కడ్డీ మెత్తన, సన్నది కరుకు అని అందరూ అంటారు. చేతిలో పట్టుకుంటే అదే నిజమనిపిస్తుంది. కానీ గుర్రం నోరు మూసుకున్నప్పుడు లోపల ఖాళీ అనేది దాదాపు లేదు తమ్ముడూ, నాలుకే నోరంతా నిండి అంగిలికి ఆనుకుని ఉంటుంది. అందులో బొటనవేలంత లావు రబ్బరు పెడితే నాలుక ఎక్కడికి పోతుంది? నలిగి, దారి వెతుక్కుని, కడ్డీ పైకి వస్తుంది. పైగా రబ్బరు తడి తగ్గితే పెదవికి పట్టుకుని ఒరిపిడి పెడుతుంది. నీ గుర్రం రబ్బరుకి ఎందుకు ఎక్కువ తిరగబడిందో నాకు ఇదే తోస్తుంది. చూడాలంటే, పెదవులు కాస్త పక్కకి తీసి, నోరు మూసి ఉండగానే నాలుక చూడు. పళ్ళ మధ్య నుంచి పక్కలకి ఉబ్బి బయటికి వస్తోందంటే లావు నాలుక. దానికి సన్నపాటి కడ్డీయే సుఖం.

మధ్యలో ఒక్క కీలున్న కడ్డీ పగ్గం లాగితే అడకత్తెరలా మడుస్తుంది. అంగిలి ఎత్తు తక్కువున్న నోట్లో ఆ కీలు మొన పైకి పొడుస్తుంది, నాలుక రెండు పక్కలా నొక్కుకుపోతుంది. పగ్గం పట్టగానే నోరు తెరిచే గుర్రాల్లో చాలావాటి బాధ ఇదే. అందుకని నీకు నేను చెప్పేది: రెండు కీళ్ళున్నది, మధ్యలో చింతగింజలాంటి నున్నటి గుండ్రని ముక్క ఉన్నది, స్టెయిన్‌లెస్ స్టీలు, రింగు దగ్గర నుంచి అంగుళం లోపల కొలిస్తే 12 నుంచి 14 మిల్లీమీటర్ల మందం. రింగులు కడ్డీలో జారి తిరిగేవి కాకుండా, కడ్డీకి కలిసిపోయి ఉండేవి తీసుకో. ఎగ్‌బట్ అని అడిగితే ఇస్తారు. ఊరికే నమిలే గుర్రానికి నోట్లో కదలిక తగ్గాలి, నిశ్చలంగా ఉండాలి. జారే రింగు పగ్గం మీద బరువు వేసి వాలే గుర్రానికి బాగుంటుంది కానీ నీదానికి కాదు, పైగా రంధ్రం అరిగితే మూతి మూల చర్మాన్ని గిల్లుతుంది.

కొట్లో ఒకటి జాగ్రత్త. మధ్య ముక్క బల్లపరుపు పలకలా, ఏటవాలుగా ఉన్నది కూడా దూరం నుంచి ఇలాగే కనబడుతుంది. దాని పేరు డాక్టర్ బ్రిస్టల్. దాని అంచు నాలుక మీద నొక్కుతుంది. నీకు అది వద్దు. ఇంకొకటి, జేబులో కాస్త దూది తీసుకెళ్ళు. కడ్డీ అంతా, కీళ్ళ లోపల, రింగు మొదట్లో దూదితో తుడువు. ఎక్కడ పోగు చిక్కుకుంటే అక్కడ గీర ఉన్నట్టే, పక్కన పెట్టెయ్యి. తక్కువ ధరకి వచ్చే నికెల్ పూతవి తీసుకోవద్దు. కళింగపట్నం వైపు ఉప్పుగాలికి ఆ పూత పొక్కి, లేచిన పొర బ్లేడులా ఉంటుంది. నేను అలాంటిది ఒకటి సవారీ అయ్యాక గుర్రం నోట్లోంచి తీసి, నా వేలు కోసుకున్నాను. నా చెయ్యి గనక వెంటనే తెలిసింది.

పొడవు కొలవడానికి పురికొస చాలు. ఒక చివర ముడి వేసి, ముడి ఒక మూతి మూలకి బయట ఉండేలా నోట్లోంచి అడ్డంగా తీసి, రెండో మూల దగ్గర బిగుతుగా పట్టి గుర్తు పెట్టు. దాన్ని టేపు మీద కొలిచి, రెండు వైపులా 5 మిల్లీమీటర్ల చొప్పున కలుపు. మన దేశవాళీ గుర్రాలకి ఎక్కువగా నాలుగున్నర, ఐదు అంగుళాల మధ్య పడుతుంది. పొడవెక్కువైతే కడ్డీ పక్కకి జారి కీలు మధ్యలో ఉండదు, ఒక పక్కే నొక్కుతుంది. నీ మూడింటి పొడవూ కొలిచి చూడు. ఎడమకి తిరగకపోవడానికి అందులో కూడా జవాబు దొరకొచ్చు.

తగిలించేటప్పుడు మూతి మూలకి ఆని ఒక చిన్న ముడత పడితే చాలు. రెండు ముడతలుండాలని పాతవాళ్ళ లెక్క ఉంది, పెదవి కండ బట్టి అది అందరికీ సరిపోదు. కిందకి వేలాడితే నాలుక పైకి తెచ్చుకోవడం తేలిక, కోరపన్నుకీ తగులుతుంది. నీ గుర్రానికి చెంప పట్టీలో ఒక రంధ్రం పైకే మొదలుపెట్టి, నాలుక అలవాటు మానాక తగ్గించు. నోరు తెరుస్తోందని మూతి పట్టీ బిగించెయ్యడం మాత్రం చెయ్యకు. ముక్కు ఎముక మీద రెండు వేళ్ళు నిలువుగా దూరాలి. బిగిస్తే నోరు తెరవడం ఆగుతుంది, కారణం లోపలే ఉండిపోతుంది. నాలుక కట్టెయ్యమని ఎవరైనా చెబితే వాళ్ళ మాట వినకు.

రెండు కీళ్ళదానితో పది పదిహేను రోజుల తర్వాత కూడా నాలుక పైకే తెస్తుంటే, కీలే లేకుండా నాలుకకి చోటిచ్చే వంపున్న కడ్డీ ప్రయత్నించు. కొన్న ప్రతిదానికీ రెండు వారాలైనా ఇవ్వు. మొదటి రెండు రోజుల నయం చూసి మురిసిపోకు, కొత్తదనానికి అలా ఉంటుంది.

పక్కవాళ్ళ కళ్ళెం తెచ్చి పెట్టి చూద్దాం అనిపిస్తుంది. తెస్తే ముందు బాగా కడిగి, మరిగించు. గుర్రాలకి గొంతు దగ్గర గడ్డలు కట్టే స్ట్రాంగిల్స్ లాంటి రోగాలు ఇలాగే అంటుకుంటాయి, గ్లాండర్స్ అనే రోగమైతే మనిషికీ వస్తుంది.

కొత్తది వచ్చాక మొదటి రోజే ఎక్కకు. అనకాపల్లి బెల్లం కాస్త నీళ్ళలో కరిగించి కడ్డీకి రాయి. చలి పొద్దులైతే ముందు అరచేతుల్లో పట్టుకుని వెచ్చబెట్టు. కడ్డీని పళ్ళకి కొట్టి తోయకుండా, ఖాళీ చోట బొటనవేలు పెట్టి, అది నోరు తెరిచినప్పుడు పైకి జరుపు. తీసేటప్పుడు ఇంకా నెమ్మది. చెవుల మీంచి పట్టీ తీసి, గుర్రం తానే వదిలేదాకా ఆగు. గబుక్కున లాగితే కడ్డీ ముందు పళ్ళకి ఖంగున తగులుతుంది, మర్నాడు తల ఎత్తడం మళ్ళీ మొదలవుతుంది. నాలుగైదు రోజులు పగ్గాలు లేకుండా, కళ్ళెంతో పావుగంట నిలబెట్టి, గుప్పెడు గరిక తినిపించి తీసెయ్యి.

ఎక్కిన రోజు నీ చేతుల మాట. పగ్గాన్ని ఊరేగింపువాళ్ళు పట్టినట్టు గుంజి ఉంచడం దానికి అలవాటు. నువ్వు వదులు చేస్తే మొదట ఏం చెయ్యాలో తెలియక కంగారుపడుతుంది. మోచెయ్యి పక్కకి ఆనించి, దాని తల ఊపుతో పాటు నీ చెయ్యి కదలనివ్వు. ఎడమకి తిప్పాలంటే ఎడమ పగ్గాన్ని వెనక్కి లాగకుండా, పక్కకి తలుపు తీసినట్టు తెరువు. అర అడుగు తిరిగినా వెంటనే వదులు. మొదటి వారంలో ఇరవై నిమిషాలకి మించి వద్దు.

దిగాక పెదవుల మీద నురుగు చూడు. తెల్లగా, కొంచెమే ఉంటే బాగుంది. గులాబీ రంగు కనబడితే ఆ రోజే ఆపి, బొటనవేలితో మళ్ళీ చిగురు తడుము. డాక్టరు నోరు చూశాక ఏం చెప్పారో, గడ్డ ఏ పక్క ఉందో, ముందు పళ్ళ ఫోటోతో సహా నాకు రాయి. గడ్డ పెద్దదైతే అసలు నోట్లో ఇనుమే లేకుండా ముక్కు మీద పట్టీతో నడిపే పద్ధతి ఉంది, అది విడిగా చెబుతాను.